హీట్ పంపా, కట్టెల పొయ్యా? న్యూ హాంప్‌షైర్ చలికి ఒక లెక్క

హీట్ పంప్ పెట్టించాలా, కట్టెల స్టవ్‌తో సరిపెట్టుకోవాలా అని మీరు రాసి అడిగారు. మీ ఇంటి సంగతి నాకు అర్థమైనంతవరకు ఇదీ. అమెరికాలోని న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలో నాషువా దగ్గర 1980ల నాటి ఇల్లు కొన్నారు, 1,800 చదరపు అడుగులు. బేస్‌మెంట్‌లో ముసలి ఆయిల్ బాయిలర్, గోడల వెంట వేడినీళ్ల బేస్‌బోర్డులు. వేడిగాలి తిప్పే డక్టులు లేవు. హాల్లో పాత యజమాని వదిలేసి వెళ్లిన కట్టెల స్టవ్ ఉంది. పోయిన చలికాలం 700 గ్యాలన్ల ఆయిల్ కాలింది. మీ ఆవిడ హీట్ పంప్ పెట్టిద్దామంటున్నారు. పక్కింటాయనేమో పెరట్లో ఇన్ని చెట్లు పెట్టుకుని కరెంటుకు డబ్బు తగలేయడం ఎందుకంటున్నాడు. కాంట్రాక్టర్ ఒకతను ఐదు గదులకు ఐదు ఇండోర్ యూనిట్లు, బయట ఒకటే గంటకు 48,000 బీటీయూల (బీటీయూ అంటే వేడికి కొలత) యంత్రం, మొత్తం 24,000 డాలర్లని కోట్ ఇచ్చాడు. జనవరిలో కాన్పు. ఖమ్మం నుంచి అత్తగారు, మామగారు వస్తున్నారు, అత్తగారికి ఆయాసం ఉంది.

ఆ చివరి మాట మీరు ఏదో గుర్తొచ్చి చేర్చినట్టు రాశారు గానీ, నా జవాబులో సగం దాని మీదే నిలబడింది.

ముందే సూటిగా చెప్పేస్తాను. రోజువారీ వేడికి హీట్ పంప్ పెట్టించుకోండి, కానీ ఆ కోట్ మీద సంతకం పెట్టకండి. స్టవ్‌ని పీకి పారేయకండి, కాకపోతే ఈ చలికాలం దాన్ని కరెంటు పోయిన రోజుకే అట్టిపెట్టండి. బాయిలర్‌ని కూడా ఇంకో రెండేళ్లు ఉండనివ్వండి. వీటన్నిటికంటే ముందు అటక ఎక్కి చూడండి. ఎందుకో వివరంగా రాస్తాను. చాలా ఏళ్లుగా ఇక్కడి ఇళ్లల్లో హీటింగ్ పనే నా వృత్తి, కొంచెం చాదస్తంగా అనిపిస్తే భరించండి.

హీట్ పంప్ అంటే మనం హైదరాబాద్‌లో వాడే స్ప్లిట్ ఏసీయే. అదనంగా ఒక వాల్వ్ ఉంటుంది, అది రిఫ్రిజరెంట్, అంటే ఏసీ గ్యాస్, తిరిగే దారిని మార్చేస్తుంది. అప్పుడు బయటి యూనిట్ చలిగాలిలోంచి వేడిని లాగుతుంది, లోపలి యూనిట్ దాన్ని వదులుతుంది. గడ్డకట్టే గాలిలో వేడి ఎక్కడిదయ్యా అని మీ మామగారు తప్పకుండా అడుగుతారు. బయటి కాయిల్‌లో తిరిగే రిఫ్రిజరెంట్ ఆ గాలికన్నా ఇంకా చల్లగా ఉంటుంది, అందుకని గాలిలోని వేడి దానిలోకి దిగుతుంది. కంప్రెసర్ దాన్ని నొక్కి వేడెక్కించి ఇంట్లోకి తోస్తుంది. ఆయనకు బోరు మోటారు లెక్కన చెప్పండి. మోటారు నీళ్లు తయారు చేయదు, భూమిలో ఉన్న నీళ్లను పైకి తోడుతుంది. నీళ్లు ఎంత లోతుకు పోతే బిందెకు అంత ఎక్కువ కరెంటు. ఇక్కడా చలి ముదిరేకొద్దీ వేడిని తోడాల్సిన లోతు పెరుగుతుంది, యూనిట్ కరెంటుకు దక్కే వేడి తగ్గుతుంది.

ఆ నిష్పత్తినే సీఓపీ అంటారు. బయట 47 డిగ్రీలు ఉన్నప్పుడు మంచి యంత్రం ఒక యూనిట్ కరెంటుకు మూడున్నర, నాలుగు యూనిట్ల వేడి ఇస్తుంది. 17 డిగ్రీల దగ్గర అది రెండున్నరకు, 5 డిగ్రీల దగ్గర రెండుకు అటూ ఇటూ పడుతుంది. డిగ్రీలన్నీ ఫారెన్‌హీట్‌లోనే రాస్తున్నాను, 5 అంటే మన లెక్కలో మైనస్ 15. మామూలు రూమ్ హీటర్‌కు ఎప్పుడూ ఒకటికి ఒకటే. చలికాలం మొత్తానికి సగటు తీస్తే మన దక్షిణ న్యూ హాంప్‌షైర్‌లో 2.7 అనుకోవడం సబబు. బ్రోషర్ మీద పెద్దక్షరాల్లో కనిపించే 4 అక్టోబరు మధ్యాహ్నపు సంఖ్య.

ఇక డబ్బు. పోల్చాలంటే అన్నిటికీ ఒకే కొలత ఉండాలి, కాబట్టి ఇంట్లోకి చేరిన ప్రతి 10 లక్షల బీటీయూల వేడికి ఎంత పడుతుందో చూద్దాం. కరెంటు యూనిట్ 25 సెంట్లు, ఆయిల్ గ్యాలన్ 3.75 డాలర్లు, ఎండిన ఓక్ కట్టెలు కార్డ్ (ఇక్కడ కట్టెలు అమ్మే కొలత, కింద వివరిస్తాను) 400 డాలర్లు అనుకుంటున్నాను. మీ బిల్లులు చూసి ఈ అంకెలు మార్చుకోండి. 10 లక్షల బీటీయూలంటే 293 యూనిట్లు. 2.7తో భాగిస్తే దాదాపు 109, అంటే 27 డాలర్లు. గ్యాలన్ ఆయిల్‌లో 1,38,500 బీటీయూలుంటాయి, మీ బాయిలర్ అందులో 82 శాతం ఇంటికి ఇస్తోందనుకుంటే 33 డాలర్లు. ఒక కార్డ్ ఓక్‌లో సుమారు 2.4 కోట్ల బీటీయూలు. 70 శాతం సామర్థ్యం ఉన్న స్టవ్‌లో కాలిస్తే 1.68 కోట్లు దక్కుతాయి, అంటే 24 డాలర్లు. రూమ్ హీటర్‌తో అయితే అదే వేడికి 73. పోర్టబుల్ హీటర్లతో నెట్టుకొద్దామనుకునే వాళ్లు ఈ ఒక్క అంకె చూస్తే చాలు.

ఇప్పుడు మీ 700 గ్యాలన్లు. అవి ఇంటికిచ్చిన వేడి 7.95 కోట్ల బీటీయూలు. ఆయిల్‌కి మీరు కట్టేది 2,625 డాలర్లు. అదే వేడి హీట్ పంప్‌తో 2,150 ప్రాంతం, కొన్న కట్టెలతో 1,900 ప్రాంతం. అంటే కట్టెలకూ హీట్ పంప్‌కూ ఏడాదికి తేడా 250 డాలర్లు. జనం ఈ రెండిటి మధ్య ఏదో కొండంత తేడా ఉందని వాదించుకుంటారు గానీ, కరెంటు 20 సెంట్లున్న చోట హీట్ పంప్ గెలుస్తుంది, 30 ఉన్న చోట కట్టెలు గెలుస్తాయి, అంతే. మసాచుసెట్స్‌లో ఉన్న మీ స్నేహితుల లెక్క మీ లెక్కతో కలవకపోతే కంగారు పడకండి, వాళ్ల కరెంటు రేటూ రిబేట్లూ వేరు.

ఆ 250 డాలర్ల కోసం చేయాల్సిన చాకిరీ కూడా చూడండి. మీ ఇంటికి ఏడాదికి దాదాపు ఐదు కార్డులు కావాలి. కార్డ్ అంటే 4 అడుగుల ఎత్తు, 4 అడుగుల వెడల్పు, 8 అడుగుల పొడవున్న పేర్పు, 128 ఘనపుటడుగులు. ఎండిన ఓక్ అయితే ఒక్కో కార్డ్ టన్నున్నర పైమాటే. ఐదు కార్డులంటే ఏడెనిమిది టన్నుల కట్టె, అదీ లారీ దించిపోయిన చోటి నుంచి పేర్పుకి, పేర్పు నుంచి వరండాకి, వరండా నుంచి స్టవ్‌కి, ప్రతి మొద్దూ మీ చేతుల మీదుగా మూడుసార్లు పోతుంది. మంచు మోకాలి లోతున్న రోజున కూడా. తర్వాత బూడిద ఎత్తిపోయాలి, దాన్ని మూత ఉన్న ఇనుప డబ్బాలో ఇంటికి దూరంగా పెట్టాలి, ఎందుకంటే నిప్పురవ్వలు రోజుల తరబడి లోపల బతికే ఉంటాయి. చిన్న స్టవ్‌లకి కొన్ని గంటలకోసారి మొద్దులు వేయాలి. ఆఫీసుకి వెళ్లి వచ్చేసరికి చల్లారిపోతుంది. పసిబిడ్డతో రాత్రి ఎలాగూ మేలుకునే ఉంటాం కదా అంటారేమో, పాలడబ్బా ఒక చేతిలో, కట్టె ఒక చేతిలో పట్టుకుని ఎన్నాళ్లు చేస్తారో మీకే తెలుస్తుంది.

పెరట్లో చెట్లు ఊరికే వస్తాయన్న మాట సగమే నిజం. ఈ ఆగస్టులో కొట్టిన ఓక్ ఈ జనవరికి పనికిరాదు. పచ్చి మొద్దు బరువులో సగానికి దగ్గరగా నీళ్లే ఉంటాయి. చీల్చి, పైన మాత్రమే కప్పి, పక్కల గాలి ఆడేలా పేరిస్తే ఓక్‌కి రెండు వేసవులు పడుతుంది. బిర్చ్, యాష్ అయితే ఇంకా త్వరగా ఆరతాయి. పైన్ ఆరడం తొందరగానే ఆరుతుంది గానీ కార్డ్‌కి 1.5 కోట్ల బీటీయూల దగ్గరే ఆగిపోతుంది, తాటాకు మంట. పచ్చి కట్టె వేస్తే మంట ముందు ఆ నీళ్లను మరిగించడానికే ఖర్చవుతుంది, మిగిలింది పొగ. తేమ చూసే మీటరు ముప్పై డాలర్లకు దొరుకుతుంది. మొద్దును అప్పటికప్పుడు చీల్చి లోపలి ముఖం మీద గుచ్చి చూడండి, 20 శాతం లోపు ఉండాలి. పైపైన గుచ్చితే ఏ కట్టె అయినా ఎండినట్టే చూపిస్తుంది. మన వైపు అడితిల్లో తూకానికి అమ్ముతారు కాబట్టి పచ్చికట్టెలు కొంటే నీళ్లకు డబ్బులిచ్చినట్టు. ఇక్కడ కొలతకు అమ్ముతారు కాబట్టి ఆ బాధ లేదు, బదులుగా కార్డ్‌లో మూడో వంతు ఉండే ఫేస్ కార్డ్‌ని కార్డ్ అని అంటగట్టే వాళ్లుంటారు. లారీ దించగానే పేర్చి టేపు పెట్టండి. "సీజన్డ్" (బాగా ఎండినవి) అన్న మాట మీద నాకు నమ్మకం లేదు, మీటరు మీద ఉంది.

అసలు విషయానికొస్తాను. ఈ రెండూ ఒకదానికొకటి పోటీ అని అందరూ అనుకుంటారు గానీ, వీటికి నచ్చే వాతావరణాలు వేరు. హీట్ పంప్‌కి అక్టోబరు, నవంబరు, మార్చి, ఏప్రిల్ అంటే పండగ. 40 డిగ్రీల రోజున సీఓపీ మూడు దాటుతుంది, 10 లక్షల బీటీయూలు 24 డాలర్ల లోపే వస్తాయి. అదే 5 డిగ్రీల రాత్రి దాదాపు 37 డాలర్లు అవుతుంది, ఆయిల్ కన్నా ఎక్కువ. కట్టెల స్టవ్ దీనికి సరిగ్గా తిరగేసి. చలి ముదిరిన రాత్రి గాలి తలుపు బాగా తెరిచి మంట భగభగా మండిస్తే కట్టె పూర్తిగా కాలుతుంది, పొగగొట్టం వేడిగా ఉండి బాగా లాగుతుంది, పొగ కనిపించనే కనిపించదు. అదే స్టవ్‌ని నవంబరు సాయంత్రం వెలిగిస్తే అరగంటలో హాలు 80 డిగ్రీలు దాటుతుంది, ఉక్కపోత, మీరు గాలి తగ్గించేస్తారు. మంట అణిగి మొద్దులు పొగుస్తాయి. ఆ పొగలోని తారు చల్లటి పొగగొట్టం గోడలకు పేరుకుంటుంది. దాన్నే క్రియోసోట్ అంటారు, చిమ్నీ మంటలకు ముడిసరుకు అదే. స్టవ్ కొన్నవాళ్లలో ఎక్కువమంది వెచ్చగా ఉండే నెలల్లోనే పొగగొట్టాన్ని పాడుచేసుకుంటారు, జనవరిలో కాదు.

అందుకే ఇంట్లో రెండూ ఉన్నవాళ్లకు నేనిచ్చే సలహా ఒకటే. 20 డిగ్రీల పైన హీట్ పంప్, అంతకంటే దిగిన రాత్రుల్లో ఓపిక ఉంటే స్టవ్. అలా వాడితే ఐదు కార్డుల చోట ఒకటి, ఒకటిన్నర సరిపోతుంది. నార్వేలో 60 శాతం ఇళ్లల్లో హీట్ పంపులున్నాయి, చాలా ఇళ్లల్లో కట్టెల స్టవ్ కూడా పక్కనే ఉంటుంది. "చలిదేశాల్లో హీట్ పంప్ పని చేయదు" అనే వాళ్లకు ఇక అంతకంటే చెప్పక్కర్లేదు. అంత దూరం కూడా వెళ్లక్కర్లేదు. పక్కనున్న మెయిన్, దేశంలో ఇళ్ల వేడికి ఆయిల్ మీద అందరికంటే ఎక్కువ ఆధారపడ్డ రాష్ట్రం. అక్కడ గవర్నర్ జానెట్ మిల్స్ 2019లో లక్ష హీట్ పంపుల లక్ష్యం పెట్టి, 2025 గడువుకు రెండేళ్ల ముందే, 2023లోనే చేరుకున్నారు. ఇప్పటి చలిప్రాంత మోడళ్లలో మంచివి 5 డిగ్రీల దాకా పూర్తి సామర్థ్యం ఇస్తాయి, మైనస్ 13 దాకా తగ్గుతూ నడుస్తాయి. 2023 ఫిబ్రవరి 4న బోస్టన్‌లో మైనస్ 10కి పడింది, అలాంటి రాత్రి అరుదుగా వస్తుంది. బాయిలర్‌ని ఉంచమన్నది అలాంటి రాత్రి కోసం కూడా.

ఇక అత్తగారి ఆయాసం. చలి రాత్రుల్లో స్టవ్ అన్న ఆ సలహా ఈ చలికాలం మీకు పనికిరాదన్నది దీని వల్లే. ఆవిడ ఊళ్లో ఏళ్ల తరబడి కట్టెల పొయ్యి ముందు వంట చేసి ఉంటే ఆ ఊపిరితిత్తులు ఇప్పటికే చాలా పొగ చూశాయి. ఇక్కడి స్టవ్ తలుపు మూసి ఉంటుంది, పొగ గొట్టం గుండా బయటికి పోతుంది, నిజమే. కానీ మొద్దు వేయడానికి తలుపు తీసిన ప్రతిసారీ కొంత లోపలికి వస్తుంది. కంటికి కనిపించేదానికంటే కనిపించని సన్నటి నుసి, పీఎం 2.5 అంటారే, అదే ప్రమాదం. దానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో పెట్టిన వార్షిక హద్దు ఘనపు మీటరుకు 5 మైక్రోగ్రాములే. బయటికి పోయిన పొగ కూడా మాయమైపోదు. మన రాష్ట్రంలోనే కీన్ పట్టణం లోయలో ఉంటుంది, గాలి కదలని చలి రాత్రుల్లో కట్టెల పొగ ఊరి మీదే కూర్చుంటుంది. అలాస్కాలోని ఫెయిర్‌బ్యాంక్స్‌కి ఇదే కారణంగా సమాఖ్య గాలి ప్రమాణాలు అందడం లేదు.

స్టవ్ ఏ కాలం నాటిదన్నది ఇక్కడ ముఖ్యం. 1973 చమురు సంక్షోభం తర్వాత న్యూ ఇంగ్లండ్‌లో ప్రతివాళ్లూ స్టవ్‌లు కొన్నారు. సమాఖ్య పర్యావరణ సంస్థ ఈపీఏ నియమాలు వచ్చింది 1988లో. అంతకు ముందువి గంటకు 15 నుంచి 30 గ్రాముల నుసి వదిలేవి. 2020 నుంచి కొత్త స్టవ్ 2 గ్రాములు దాటకూడదు, నిజమైన కట్టెలతో పరీక్షిస్తే రెండున్నర. మీ స్టవ్ వెనక్కి టార్చి వేసి ఈపీఏ రేకు ఉందేమో చూడండి. లేకపోతే దాని మీద ఒక్క డాలరు కూడా ఖర్చు పెట్టొద్దు.

మన ఇళ్లకు ప్రత్యేకమైన ఒక చిక్కు ఉంది, ఇక్కడి ఇన్‌స్టాలర్లకు అది తట్టదు. తాలింపు ఘాటు పోవడానికి మనవాళ్లు వంటింట్లో పెద్ద హుడ్ పెట్టిస్తారు, నిమిషానికి 600, 900 ఘనపుటడుగుల గాలి లాగేది. ఇల్లు బిగుతుగా ఉంటే అది లాగే గాలికి బదులు ఎక్కడో అక్కడి నుంచి రావాలి. అన్నిటికంటే సులువైన దారి పొగగొట్టమే. హుడ్ వేయగానే స్టవ్ పొగ, దానితో కార్బన్ మోనాక్సైడ్ హాల్లోకి తిరగబడతాయి. నిప్పు అణిగిపోతున్న రాత్రిపూట ఇది మరీ ప్రమాదం. 400 దాటిన హుడ్‌కి బదులు గాలి వచ్చే ఏర్పాటు ఉండాలని బిల్డింగ్ కోడే చెబుతుంది, పాత ఇళ్లల్లో ఉండదు. స్టవ్ వెలిగిన రోజు హుడ్ వేయాలంటే పక్కనే ఒక కిటికీ రెండంగుళాలు తీసి ఉంచండి. పడకగదుల దగ్గర ప్రతి అంతస్తులో మోనాక్సైడ్ అలారం తప్పనిసరి.

హీట్ పంప్‌కి కూడా మన వంటతో ఇబ్బందే. ఇండోర్ యూనిట్‌ని వంటింటికి ఎదురుగా పెట్టనివ్వకండి. వేపుళ్ల నూనె ఆవిరి ఫిల్టర్‌కి, దాని వెనక ఫ్యాన్‌కి జిగురులా పడుతుంది, దాని మీద దుమ్ము, ఏడాది తిరిగేసరికి గాలి సగమైపోతుంది. ఎక్కడ పెట్టినా నెలకోసారి ఫిల్టర్ తీసి కడగండి, రెండు నిమిషాల పని.

ఇప్పుడు ఆ కోట్. మీ ఇంటికి ఎంత యంత్రం కావాలో మీ ఆయిల్ బిల్లే చెబుతుంది. మన ప్రాంతానికి చలికాలం మొత్తం సుమారు 7,000 హీటింగ్ డిగ్రీ డేలు, అంటే రోజు సగటు 65 డిగ్రీల కన్నా ఎంత తగ్గిందో అన్ని రోజులకూ కూడితే వచ్చే మొత్తం. 7.95 కోట్లను 7,000తో, మళ్లీ 24తో భాగించండి. బయటికీ లోపలికీ ఒక్కో డిగ్రీ తేడాకు మీ ఇల్లు గంటకు 473 బీటీయూలు పోగొట్టుకుంటోందని తేలుతుంది. బయట సున్నా ఉన్న రాత్రి తేడా 65 అనుకుంటే గంటకు దాదాపు 31,000. బాయిలర్ స్నానాలకు కూడా నీళ్లు కాస్తుంటే ఇంకా తక్కువే. అలాంటప్పుడు 48,000 ఎందుకు? పెద్దది పెడితే మంచిదేగా అనుకోకండి. ఐదు యూనిట్లకు ఒకే బయటి యంత్రమైతే, ఒక్క చిన్న పడకగది మాత్రమే వేడి అడిగినప్పుడు అంత పెద్ద కంప్రెసర్ అంత చిన్నగా నడవలేదు. వెలుగుతూ ఆరుతూ ఉంటుంది, సీఓపీ బ్రోషర్‌లో ఉన్నదానికి చాలా కింద ఉంటుంది.

నేనైతే బయటి యంత్రం ఒకటికి లోపలి యూనిట్ ఒకటి చొప్పున రెండు విడి సెట్లు పెడతాను. హాల్లో 18,000ది, మేడ మీద 12,000 లేదా 15,000ది. చలిప్రాంత మోడళ్లే తీసుకోవాలి, 5 డిగ్రీల దగ్గర ఎంత ఇస్తుందో పట్టికలో చూసి. మా వైపు ఇప్పుడు నేను చూస్తున్న ధరల్లో రెండూ కలిపి 10,000 నుంచి 12,000 డాలర్లు. అత్తగారు, మామగారు కింది గదిలో పడుకుంటారు కదా, మోకాళ్ల నొప్పులతో మెట్లు ఎక్కలేరు కాబట్టి. తలుపు మూసుకుంటే ఆ గదిలోకి హాలు వేడి చేరదు, వాళ్లకు బేస్‌బోర్డే హాయి. గోడ మీద నుంచి గాలి కొడితే పెద్దవాళ్లకు చెవులు నొప్పి అంటారు, ఆ మాట మీరు వినే ఉంటారు.

అటక మాట మర్చిపోలేదు. 1980ల ఇళ్లల్లో పై కప్పు కింద ఇన్సులేషన్ ఇప్పటి సిఫారసుల్లో మూడో వంతు ఉంటే గొప్ప. ఇప్పుడు చెప్పేది ఆర్-60 (ఆర్ అంటే వేడిని ఆపే శక్తికి కొలత). కానీ దాని మీద దూది చల్లేముందు రంధ్రాలు మూయించాలి: అటక మూత, సీలింగ్ లైట్ల చుట్టూ, పొగగొట్టం పక్క సందు. పొగగొట్టం చుట్టూ మాత్రం రేకూ, మంటకు తట్టుకునే సీలెంటూ వాడాలి, మామూలు నురగ కాదు. ఎన్‌హెచ్ సేవ్స్ అనే మన రాష్ట్రపు ఇంధన పొదుపు కార్యక్రమం కింద ఎనర్జీ ఆడిట్ చేయించుకోండి, తలుపుకి ఫ్యాన్ బిగించి ఇల్లు ఎక్కడ కారుతోందో చూపిస్తారు. వేడి నష్టం ఐదో వంతు తగ్గినా 31,000 కాస్తా 25,000 అవుతుంది, చిన్న యంత్రం చాలు. అందుకే ఈ పని ముందు, యంత్రం తర్వాత అంటున్నాను. హీట్ పంప్ మీద 2,000 డాలర్ల దాకా ఇచ్చిన సమాఖ్య పన్ను రాయితీ 2025 డిసెంబర్ 31తో ముగిసింది. ఇంకా దాన్ని కోట్‌లో తగ్గించి చూపించే కాంట్రాక్టర్ మీకు తగిలితే వేరే వాళ్లను చూసుకోండి.

పెట్టించాక వాడకంలో మనవాళ్లు పడే ఇబ్బంది ఒకటుంది. గదిలోంచి బయటికొస్తూ స్విచ్ ఆర్పేయడం మనకు చిన్నప్పటి నుంచీ నేర్పారు. హీట్ పంప్‌ని అలా వాడకండి. 68 దగ్గర పెట్టి వదిలేయండి, మెల్లగా నడిచేటప్పుడే దానికి పొదుపు. ఆర్పి మళ్లీ వేస్తే పూర్తి వేగంతో పరిగెత్తి ఎక్కువ తాగుతుంది. "ఆటో" మోడ్ కాకుండా "హీట్" మోడ్‌లో ఉంచండి. బయటి యూనిట్ అప్పుడప్పుడు ఆగి ఆవిరి పొగలా వదులుతుంది, మంటలేమోనని మామగారు బకెట్ పట్టుకుని పరిగెత్తకుండా ముందే చెప్పి ఉంచండి. కాయిల్ మీద పేరుకున్న మంచును అది కరిగించుకుంటోంది, నిమిషాల్లో మళ్లీ నడుస్తుంది. ఆ యూనిట్‌ని నేల మీద పెట్టనివ్వకండి, రెండడుగుల స్టాండ్ కావాలి. చూరు నుంచి మంచు జారిపడే చోట అసలొద్దు.

బాయిలర్‌తో ఒక జాగ్రత్త. హీట్ పంప్ పైన వెచ్చగా ఉంచితే థర్మోస్టాట్ బాయిలర్‌ని పిలవదు. బేస్‌మెంట్ చల్లబడుతుంది, బయటి గోడల్లోంచి వెళ్లే బేస్‌బోర్డు పైపుల్లో నీళ్లు కదలక గడ్డకడతాయి. పైపు పగిలి బేస్‌మెంట్ నిండిన ఇళ్లు ఈ వృత్తిలో చాలానే చూశాను. 15 డిగ్రీల కిందికి దిగిన రాత్రి బాయిలర్ కాసేపు తప్పనిసరిగా నడిచేలా పెట్టుకోవాలి. ఇన్‌స్టాలర్‌ని ఇది ఎలా చేస్తావని అడగండి. అతని జవాబుతోనే అతనికి పని తెలుసో లేదో తేలిపోతుంది.

మరి స్టవ్ ఎందుకు ఉంచమంటున్నాను? 2008 డిసెంబరులో మంచువాన తుఫాను వచ్చినప్పుడు న్యూ హాంప్‌షైర్‌లో నాలుగు లక్షలకు పైగా కనెక్షన్లకు కరెంటు పోయింది. కొన్ని ఊళ్లకు రెండు వారాల దాకా రాలేదు. కరెంటు లేకపోతే హీట్ పంప్ నడవదు, ఆయిల్ బాయిలర్ కూడా నడవదు, దాని బర్నర్‌కీ పంపుకీ కరెంటే కావాలి. చెక్కపొట్టు గుళికలు కాల్చే పెల్లెట్ స్టవ్ కూడా అంతే, చాలామంది కొన్నాక తెలుసుకుంటారు. అగ్గిపుల్లతో నడిచేది కట్టెల స్టవ్ ఒక్కటే. పసిబిడ్డ ఉన్న ఇంట్లో అది చిన్న విషయం కాదు. అలాంటి రోజున ఆయాసం ఉన్న మనిషికి చలి కూడా పొగంత ప్రమాదమే. అప్పుడు స్టవ్ వెలిగించండి, అత్తగారిని మాత్రం స్టవ్ దగ్గర కాకుండా పక్క గదిలో తలుపు తీసి కూర్చోబెట్టండి, మొద్దు వేసే పని ఆవిడకు ఇవ్వకండి. నిప్పు చూస్తే ఆవిడ చేతులు ఊరుకోవు, అది వేరే విషయం.

దానికి ఇప్పటినుంచే సిద్ధం చేయాలి. స్టవ్‌కి ఈపీఏ రేకు ఉంటే, పొగగొట్టం శుభ్రం చేసే మనిషిని పిలిచి లోపల కెమెరా పెట్టించండి. ఏడాదికోసారి చూపించాలన్నది అగ్ని భద్రత సంస్థ ఎన్‌ఎఫ్‌పీఏ పెట్టిన 211 నంబరు నియమం. పాత ఇటుక గొట్టమైతే లోపల స్టీలు లైనర్ వేయమనొచ్చు. గొట్టం కప్పు దాటి కనీసం మూడడుగులు లేవాలి, పదడుగుల లోపు ఉన్న ఏ ఎత్తు కన్నా రెండడుగులు పైన ఉండాలి. స్టవ్ ఉందని ఇంటి ఇన్సూరెన్స్‌కి ముందే తెలియజేయండి, తర్వాత తెలిస్తే క్లెయిమ్ దగ్గర గొడవ. అరకార్డ్ ఎండు కట్టెలు కొని నేలకు తగలకుండా వరండాలో పేర్చి ఉంచితే ఒక తుఫానుకు చాలు. పెయింట్ వేసిన చెక్కలు, రసాయనాలు పట్టించిన డెక్ చెక్కలు అందులో కాల్చకండి. పాత డెక్ చెక్కల్లో ఆర్సెనిక్ ఉంటుంది.

పొగగొట్టం వాళ్లు సెప్టెంబరు దాటితే దొరకరు. హీట్ పంప్ వాళ్లు మొదటి చలి పడ్డ వారం నుంచీ దొరకరు. ఈ వారమే ఇద్దరికీ ఫోన్ చేయండి, ఆడిట్ తేదీ కూడా ఇప్పుడే రాయించుకోండి. పక్కింటాయనకు చెట్లు కొట్టే సరదా ఉంటే కొట్టనివ్వండి, ఇప్పుడు చీల్చి పేరిస్తే వచ్చే ఏడాది తర్వాతి చలికాలానికి మీకు ఊరికే వచ్చిన కట్టెలుంటాయి.